ఏరిన కథలా, అన్ని కథలా?

ఏ రచయిత వ్రాసిన దానిలోనైనా నిలిచేది కొంత, రాలిపోయేది ఎంతో. ఈ సంగతి రచయితకు తెలుసు, ప్రకాశకునికి తెలుసు, తరగతిలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంకా బాగా తెలుసు. అటువంటప్పుడు ఒక కథకుడు కీర్తిశేషుడైన తరువాత ఆయన వ్రాసిన ప్రతి కథనూ వెదకి తెచ్చి అచ్చు వేయడం సాహిత్యసేవ అవుతుందా, లేక రాలిన ఆకులను తిరిగి కొమ్మకు కట్టే వృథాప్రయాస అవుతుందా? అమెరికా దేశపు వైజ్ఞానిక కథారచయిత థియొడార్ స్టర్జన్ విషయంలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతున్నది. వైజ్ఞానిక కథలలో చెత్తను మాత్రమే ఎత్తి చూపి మొత్తం శాఖనే విమర్శకులు ఈసడించిన రోజులలో ఆయన ఒక విచిత్రమైన సమాధానం చెప్పినారు. ఈ కథలలో నూటికి తొంభై పాళ్ళు చెత్త అన్న మాట నిజమేనని ఒప్పుకొన్నారు. అయితే లోకంలో ఏ వస్తువును తీసుకొన్నా నూటికి తొంభై పాళ్ళు చెత్తే కదా అని ఎదురు ప్రశ్న వేసినారు. 1958లో ‘వెంచర్’ అనే పత్రికలో ఆయన ఈ మాట అచ్చులో పెట్టినారు. ‘స్టర్జన్ సూత్రం’ అని దానికి పేరు వచ్చినది. ఆయన కథ ఒక్కటైనా చదవని వారు సైతం ఈ సూత్రాన్ని ఉదాహరిస్తూ ఉంటారు.

అటువంటి సూత్రకర్త కథలే 1994 మొదలు 2010 వరకు పదహారు సంవత్సరాల పాటు పదమూడు సంపుటాలుగా, మంచిచెడ్డల ఎంపిక లేకుండా, వెలువడినవి. ఆయన లెక్కను ఆయనకే వర్తింపజేస్తే ఈ పదమూడింటిలో దాదాపు పన్నెండు సంపుటాలు అచ్చు కానక్కరలేదు. వేళాకోళానికి ఈ మాట బాగానే ఉన్నది. కాని ఆ సంపుటాలను వరుసగా చదివిన వారికి వేరొక సంగతి బోధపడుతుంది. దానిని మన ఉపాధ్యాయుల ముందు, విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్టర్జన్ 1918 ఫిబ్రవరి 26న న్యూయార్కు నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో జన్మించినారు. పుట్టినప్పటి పేరు ఎడ్వర్డ్ హామిల్టన్ వాల్డో. తల్లి మరల వివాహం చేసుకొన్న తరువాత మారుతండ్రి ఇంటిపేరు ఆయనకు వచ్చినది. బాల్యంలో ఆయన కోరిక రచయిత కావడం కాదు, సర్కసులో విన్యాసాలు చేసే ఆటగాడు కావడం. కీళ్ళవాత జ్వరం గుండెను దెబ్బతీయడంతో ఆ ఆశ అడుగంటినది. తరువాత సరకుల ఓడలలో పనికి కుదిరినారు. 1938లో వార్తాపత్రికలకు చిన్న కథలను సరఫరా చేసే ఒక సంస్థకు మొదటి కథ అమ్మి అయిదు డాలర్లు సంపాదించినారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో జాన్ కాంబెల్ సంపాదకత్వాన వెలువడే ‘ఆస్టౌండింగ్’ పత్రికలో ఆయన మొదటి వైజ్ఞానిక కథ అచ్చయినది. ఆనాటి నుంచి 1985 మే 8న మరణించే వరకు, మధ్య మధ్య దీర్ఘమైన మౌనాలతో, ఆయన కథలు వ్రాస్తూనే ఉన్నారు.

ఆ కథలు వెలువడిన పత్రికలను అమెరికాలో ‘పల్ప్’ పత్రికలని పిలిచేవారు. పల్ప్ అంటే చెక్కగుజ్జు. ఆ గుజ్జుతో చేసిన చవుక కాగితం మీద అచ్చయ్యేవి గనుక వానికి ఆ పేరు వచ్చినది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం గాలీ వెలుతురూ తగిలితే పసుపు వర్ణానికి మారుతుంది. కాగితం తయారీలో వాడిన పటిక నుంచి పుట్టే ఆమ్లం కాగితంలోని పోగులను లోలోపలే కొరుకుతుంది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి పుట తిప్పితే అంచు పొడిగా రాలుతుంది. మన ఇళ్ళలో అటకల మీద ఉన్న పాత వారపత్రికల కట్టలను విప్పి చూచిన వారికి ఈ రసాయన శాస్త్రం వేరే చెప్పనక్కరలేదు. పత్రికలో మాత్రమే ఉన్న కథకు కాగితం ఆయుర్దాయమే ఆయుర్దాయం.

స్టర్జన్ కథలు కొన్ని ఆయన జీవితకాలంలోనే పుస్తకాలుగా వచ్చినవి. వాటి చరిత్ర కూడ తెలుసుకోదగినదే. 1948లో ‘వితౌట్ సార్సరీ’ అనే సంకలనం పదమూడు కథలతో వెలువడినది. రే బ్రాడ్‌బరీ దానికి పరిచయ వాక్యాలు వ్రాసినారు. 1961లో అదే సంకలనాన్ని చవుక ప్రతిగా మరొక ప్రకాశకుడు వేసినప్పుడు పేరుకు ముందు ఒక ‘నాట్’ చేరినది, లోపల అయిదు కథలు తగ్గినవి. పేరు పెరిగి పుస్తకం తరిగినదన్నమాట! మరొక సంకలనానికి 1955లో ‘కావియార్’ అని పేరు పెట్టినారు. స్టర్జన్ అనేది ఒక చేప పేరు. దాని గుడ్లనే కావియార్ అంటారు, ధనికుల భోజనపు బల్ల మీద అది గొప్ప రుచి. చమత్కారం బాగానే ఉన్నది గాని, ఒక కథ ఏ సంకలనంలో ఉన్నదో, ఏ ముద్రణలో తొలగిపోయినదో తెలుసుకోవడం పాఠకునికి పెద్ద పరిశోధన అయినది. ఇంతకంటె చిక్కు మరొకటి ఉన్నది. 1947లో పత్రికలో వచ్చిన ‘మెచ్యూరిటీ’ అనే కథను మరుసటి సంవత్సరం పుస్తకంలో చేర్చినప్పుడు రచయిత తిరిగి వ్రాసినారు. పత్రికలో చదివిన వారూ పుస్తకంలో చదివిన వారూ ఒకే పేరు గల రెండు కథలను చదివినారు.

ఈ చిక్కులన్నీ విప్పవలెనని పూనుకొన్న వ్యక్తి పాల్ విలియమ్స్. ఆయన విశ్వవిద్యాలయ పండితుడు కాదు. 1966లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ‘క్రాడాడీ’ అనే సంగీత పత్రికను స్థాపించిన ఉత్సాహి. ఫిలిప్ కె. డిక్ అనే మరొక వైజ్ఞానిక రచయిత 1982లో మరణించిన తరువాత ఆయన రచనల బాధ్యతను కొన్ని సంవత్సరాలు వహించినవారు కూడ ఆయనే. బర్క్లీలోని నార్త్ అట్లాంటిక్ బుక్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ స్టర్జన్ కథల భారాన్ని తలకెత్తుకొన్నది. విలియమ్స్ మొదట చేసిన నిర్ణయం మెచ్చుకోదగినది: కథలను అచ్చయిన క్రమంలో గాక, సాధ్యమైనంత వరకు వ్రాసిన క్రమంలో కూర్చడం. ప్రతి సంపుటం చివర కథ ఎప్పుడు, ఎక్కడ మొదట వెలువడినది, రచయిత దానిని గూర్చి ఉత్తరాలలోనూ ముందుమాటలలోనూ ఏమి చెప్పుకొన్నారు అనే వివరాలను చేర్చినారు. ఎన్నడూ అచ్చు కాని కథలు సైతం ఇందులో చోటు చేసుకొన్నవి.

తొలి సంపుటం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1995లో, విలియమ్స్ సైకిలు ప్రమాదానికి గురి అయినారు. తలకు బలమైన గాయం తగిలినది. కోలుకొని పని సాగించినారు గాని, కాలక్రమాన జ్ఞాపకశక్తిని హరించే వ్యాధి ఆయనను ఆవరించినది. ఒక రచయిత స్మృతిని లోకంలో నిలపడానికి పూనుకొన్న మనిషి తన స్మృతినే పోగొట్టుకొన్నారు. చివరి రెండు సంపుటాలకు స్టర్జన్ కుమార్తె నోయెల్ సంపాదకత్వం వహించి 2010లో కార్యాన్ని ముగించినారు. విలియమ్స్ 2013లో మరణించినారు. సంపాదకుని పేరు పుట మీద చిన్న అక్షరాలలో ఉంటుంది; దాని వెనుక ఎంత జీవితం వ్యయమైనదో పాఠకులకు సాధారణంగా తెలియదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. వ్రాసిన క్రమంలో కూర్చడం వల్ల ఏమి లాభం కలిగినది? మొదటి సంపుటాన్ని తెరిస్తే వార్తాపత్రికల కొరకు వ్రాసిన చిన్న చిన్న కథలు వరుసగా కనిపిస్తవి. నిజం చెప్పవలసి వస్తే వాటిలో చాలా భాగం అచ్చుకు నోచుకోకపోయినా లోకానికి నష్టం లేనివే. కొసమెరుపు కొరకు కట్టిన కథలు, తడిమి చూస్తే లోపల ఏమీ లేని కథలు. అయితే ఈ గుంపు మధ్యనే ‘బియాంకాస్ హాండ్స్’ అనే కథ ఉన్నది. మతి ఎదగని ఒక బాలిక చేతుల అందానికి దాసుడై, చివరకు ఆ చేతులలోనే ప్రాణం విడిచే యువకుని కథ అది. ఇరవై ఒకటి ఇరవై రెండు సంవత్సరాల వయస్సులో స్టర్జన్ దానిని వ్రాసినారు. అమెరికాలో ఏ సంపాదకుడూ దానిని అంగీకరించలేదు. అది చదివి జుగుప్సపడిన వారే ఎక్కువ. 1947లో ఇంగ్లండులోని ‘ఆర్గసీ’ పత్రిక నిర్వహించిన పోటీలో ఆ కథకే ప్రథమ బహుమతి వచ్చినది. రెండవ స్థానంలో నిలిచినవారు గ్రాహం గ్రీన్!

1939-40 ప్రాంతంలో ఒక బుద్ధిమంతుడైన సంపాదకుని కూర్చుండబెట్టి, ఈ యువకుని కథలలో మంచి పది పాళ్ళు ఏరమని అడిగి ఉంటే ఏమి జరిగేది? అమ్ముడుపోయిన కథలనే ఏరి ఉండేవాడు. ‘బియాంకాస్ హాండ్స్’ తొంభై పాళ్ళలో కలిసిపోయేది. స్టర్జన్ సూత్రంలో బలహీనత ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. తొంభై పాళ్ళు చెత్త అన్న లెక్క సరి కావచ్చు. ఏ తొంభై అన్నది ఆనాటి వారికి తెలియదు. ఈనాటి వారికి తెలుసుననుకోవడం మరొక తరం చూచి నవ్వుకొనే విషయం కావచ్చు.

వరుసగా చదివితే రచయిత మౌనాలు కూడ వినిపిస్తవి. 1941లో ‘మైక్రోకాస్మిక్ గాడ్’ కథతో ఆయన పేరు మారుమ్రోగినది. క్షణాలలో తరాలు గడిచే అతిసూక్ష్మ జీవులను సృష్టించి, వానికి ఆపదలు కల్పించి, ఆ ఆపదల నుంచి బయటపడడానికి అవి కనిపెట్టే ఉపాయాలను తన పరిశోధనలకు వాడుకొనే శాస్త్రజ్ఞుని కథ అది. ఆ పేరు వచ్చిన వెంటనే కలం ఆగిపోయినది. ఆ సంవత్సరాలలో ఆయన వెస్టిండీసులో ఒక హోటలు నడిపినారు, యుద్ధం పనులలో బుల్డోజరు తోలినారు. 1944లో మౌనం వీడి వ్రాసిన కథ ‘కిల్‌డోజర్’. దానిలో రాక్షసుడు బుల్డోజరే! ఏరిన సంకలనంలో ఈ రెండు కథలూ పక్కపక్కన ఉండవచ్చు గాని, మధ్యనున్న ఖాళీ కనిపించదు. ఖాళీ కనిపించకపోతే ఆ బుల్డోజరు ఎక్కడ నుంచి వచ్చినదో తెలియదు.

1947 నవంబరులో వచ్చిన ‘థండర్ అండ్ రోజెస్’ సంగతి చూడండి. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి రెండు సంవత్సరాలు. అమెరికా మీద అణుదాడి జరిగినది. ఎదురుదాడి ఇంకా జరగలేదు. మిగిలిన కొద్దిమంది సైనికుల చేతికి ఆ ఎదురుదాడి చేసే మీట అందుతుంది. నొక్కితే శత్రువు నశిస్తాడు, భూమి మీద ప్రాణమన్నది కూడ నశిస్తుంది. చావు మీద ఉన్న ఒక గాయని ఆ మీటను నొక్కవద్దని వేడుకొంటుంది. గెలిచిన దేశపు పత్రికలో, గెలుపు వేడి ఇంకా చల్లారని రోజులలో, పగ తీర్చుకోవద్దని చెప్పిన కథ అది. కథ క్రింద తేదీ లేకపోతే ఇది సాధారణమైన శాంతిబోధగా కనిపిస్తుంది. తేదీతో చదివినప్పుడే దానిలోని సాహసం తెలుస్తుంది.

మరొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేకపోతున్నాము. 1955లో స్టర్జన్‌కు కలం కదలలేదు, చేతిలో పైకం లేదు. ఈ సంగతి తెలిసి తోటి రచయిత రాబర్ట్ హైన్‌లైన్ ఇరవై ఆరు కథాబీజాలను ఉత్తరంలో వ్రాసి, నూరు డాలర్ల చెక్కుతో పంపినారు. ఒక వృత్తిలో ఉన్న ఇద్దరి మధ్య ఇంతటి ఔదార్యం సాహిత్య చరిత్రలో తరచు కనిపించేది కాదు. ఆ బీజాలలో ఒకటి మొలిచి 1956లో ‘అండ్ నౌ ది న్యూస్’ అయినది. వార్తలు వినకుండా ఉండలేని ఒక గృహస్థు. రేడియోలన్నీ పని చేయకుండా భార్య చేస్తుంది. అతడు ఇల్లు విడిచి కొండలలోకి పోతాడు; భాష అర్థం కాని స్థితికి వస్తాడు, ఆ స్థితిలోనే సుఖపడుతాడు. ఒక మానసిక వైద్యుడు వెదకి పట్టుకొని అతనికి ‘నయం’ చేస్తాడు. నయమైన మనిషి మరల వార్తలు విని, ప్రతి మనిషి చావూ తనను తగ్గించినదని లెక్క కట్టి, ఆ లోకాన్ని తానూ తగ్గించడానికి తుపాకి పట్టుకొంటాడు. చేతిలోని ఫోనులో నిమిషానికొక వార్త వచ్చి పడే ఈ కాలంలో ఈ కథను తరగతిలో చదివితే విద్యార్థులు రేడియో పాతబడినదని అనరు.

అయితే సమగ్ర సంపుటాల మీద ఆక్షేపణ లేకపోలేదు. పదమూడు సంపుటాలు కొనగలవారెందరు? కొన్నా చదివే ఓపిక ఎవరికి? మొదటి సంపుటంతో మొదలు పెట్టిన పాఠకుడు ఆ అయిదు డాలర్ల కథలతోనే విసిగి పుస్తకం మూసివేయవచ్చు. ఈ మాట న్యాయమైనదే. ఏరిన సంకలనం అవసరమే, విద్యార్థులకు మరీ అవసరం. 2000లో వింటేజ్ సంస్థ స్టర్జన్ కథల నుంచి ఏరిన ఒక సంపుటాన్ని ప్రచురించినది. అది తప్పు పని కాదు. అయితే ఏరడానికి ముందు రాశి ఉండవలెను. కల్లంలో ధాన్యం పోయకుండా చేటతో చెరిగేదేమి? ఒకరు ఏరినది మరొకరికి నచ్చకపోతే తిరిగి చూచుకోవడానికి రాశి ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండవలెను.

పునర్ముద్రణల వ్యాపారంలో మరొక అక్రమం కూడ సాగుతూ ఉంటుంది. ఫిలిప్ డిక్ కథలు 1987లో అయిదు సంపుటాలుగా వచ్చినవి. తరువాత వేరొక ప్రకాశకుడు వేసినప్పుడు సంపుటాల పేర్లు మారినవి, ఒకటి రెండు కథలు ఒక సంపుటం నుంచి మరొక సంపుటానికి జరిగినవి. ‘సెకండ్ వెరైటీ’ అన్నది ఒక ముద్రణలో రెండవ సంపుటం పేరు. మరొక ముద్రణలో మూడవ సంపుటం పేరు. 1990లో ‘టోటల్ రీకాల్’, 2002లో ‘మైనారిటీ రిపోర్ట్’ చలనచిత్రాలుగా వచ్చిన తరువాత చిత్రాల పేరు చెప్పి కథలను అమ్మే సంకలనాలు కూడ అంగడిలోకి వచ్చినవి. కొత్త పుస్తకమనుకొని కొన్నవాడు ఇంటికి వచ్చి చూచుకొంటే సగం కథలు తన అలమారలో ఉన్నవే. రచయిత పేరు పెరగడానికి ఇది తోడ్పడినదని కొందరు సమర్థిస్తారు. కావచ్చు, పాఠకుని జేబుకు మాత్రం తోడ్పడలేదు.

ఈ సందర్భంలో మన కథల సంగతి తలపుకు రాక మానదు. మన కథ కూడ పత్రికలోనే పుట్టినది, పత్రికలోనే పెరిగినది. 1924 మొదలు 1991 వరకు వెలువడిన ‘భారతి’ వంటి పత్రికల సంచికలలో ఉన్న కథలన్నీ పుస్తకాలకెక్కలేదు. 1997లో కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించి పత్రికలలోని కథలను ఒకచోట చేర్చే పనికి పూనుకోవడం ఈ లోటును గుర్తించినందువల్లనే. కొడవటిగంటి కుటుంబరావుగారి సాహిత్యాన్ని కేతు విశ్వనాథరెడ్డిగారి సంపాదకత్వంలో సంపుటాలుగా తెచ్చిన విశాలాంధ్ర వారి కృషి అట్టిదే. కాని మన కథాసంపుటాలలో ఎన్నింటిలోనో కథ క్రింద తేదీ ఉండదు, పత్రిక పేరు ఉండదు. రచయిత పుస్తకానికి కథను దిద్దినారా, లేక సంపాదకుడే దిద్దినాడా అన్నది తెలియదు. ఇట్టి పుస్తకాన్ని చేతికిచ్చి రచయిత పరిణామాన్ని గూర్చి వ్యాసం వ్రాయమని విద్యార్థిని అడగడం న్యాయం కాదు. కథకు ఒక్క పంక్తి చాలును: ఫలానా పత్రిక, ఫలానా నెల, ఫలానా సంవత్సరం. దానికి కాగితం ఖర్చు కూడ కాదు. ప్రకాశకులు ఈ పంక్తి లేకుండా కథాసంపుటాన్ని వేయరాదని, గ్రంథాలయాధికారులు అది ఉన్న ముద్రణకే ప్రాధాన్యం ఇవ్వవలెనని మేము కోరుతున్నాము.

స్టర్జన్ పదమూడు సంపుటాలూ తెప్పించుకోలేని గ్రంథాలయం మూడింటితో సరిపెట్టుకోవచ్చును. ‘అండ్ నౌ ది న్యూస్’ గల తొమ్మిదవ సంపుటం ఒకటి. ఏడవ సంపుటం ఒకటి. దానికి ముందుమాట వ్రాసినవారు కర్ట్ వానెగట్. తన నవలలలో కిల్గోర్ ట్రౌట్ అనే దరిద్రుడైన వైజ్ఞానిక కథకుని ఆయన సృష్టించినది స్టర్జన్‌ను మనస్సులో పెట్టుకొనే. ట్రౌట్ కూడ చేప పేరే! ఆ సంపుటానికి పేరిచ్చిన ‘ఎ సాసర్ ఆఫ్ లోన్లీనెస్’ అనే కథలో, ఆకాశం నుంచి దిగిన చిన్న పళ్ళెం ఒకటి ఒంటరి పిల్లకు ఏదో చెప్పి పడిపోతుంది. ప్రభుత్వం వారు అడుగుతారు, బంధిస్తారు. ఆ మాట తనకు చెప్పినది గనుక ఆమె ఎవరికీ చెప్పదు. చివరకు దానిని వ్రాసి సీసాలలో పెట్టి సముద్రంలో విడుస్తుంది. ఇంగ్లీషు ఓ మాదిరిగా వచ్చిన విద్యార్థి ఒక సాయంకాలంలో చదవగల కథ ఇది. మూడవది మొదటి సంపుటం. అయిదు డాలర్ల ఆ తొలి కథ అందులో ముందుగానే ఉన్నది. అది చదివిన తరువాత ‘బియాంకాస్ హాండ్స్’ వరకు పుటలు తిప్పవలెను. రెండింటి నడుమ గడచిన కాలం రెండు సంవత్సరాలకు మించదు.